పెదనాన్నకి చేరని శుభలేఖ

పెళ్ళి ఇరవై రోజుల్లో పడింది. అబ్బాయి ఆఫీసు మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ లోంచే చుట్టాలందరికీ శుభలేఖ పీడీఎఫ్ పంపేశాడు. మర్నాడు పొద్దున్నే రాజమండ్రి నుంచి పెదనాన్న ఫోను.

"ఒరేయ్, విన్‌మెయిల్ డాట్ డాట్ అని ఏదో వచ్చిందిరా. నొక్కితే తెరుచుకోదు. శుభలేఖేదీ?"

ఆయన తడబడలేదు. దాని పేరే అది, విన్‌మెయిల్ డాట్ డాట్ (winmail.dat).

అబ్బాయి పంపినవాటిలో చూసుకుంటే పీడీఎఫ్ నిక్షేపంలా ఉంది. పక్క సీటాయనకి పంపి చూశాడు, తెరుచుకుంది. "మీ కంప్యూటర్లోనే ఏదో ఉంది పెదనాన్నా" అని తీర్పు చెప్పేశాడు. పక్క సీటాయనదీ ఆఫీసు మెయిళ్ళు నడిపే అదే ఎక్స్ఛేంజ్ సర్వర్ కదా, ఆ మెయిల్ అసలు ఆఫీసు గడప దాటనేలేదు!

తంటా అంతా గడప దగ్గరే. ఔట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ అనే ఫార్మాట్ పెట్టి రాస్తే (పీడీఎఫ్ బొమ్మ వాక్యాల మధ్యలో వచ్చి కూర్చుంటే అదే గుర్తు) సర్వర్ రంగుల్నీ, బొద్దు అక్షరాల్నీ, శుభలేఖనీ కలిపి ఒకే మూట కట్టేస్తుంది. బయటి లోకానికి తెలిసింది మైమ్ పద్ధతి, మెయిల్‌కి ఫైళ్ళు జతచెయ్యడానికి అందరూ వాడేది. ఈ మూట పేరేమో ట్రాన్స్‌పోర్ట్ న్యూట్రల్ ఎన్‌క్యాప్సులేషన్ ఫార్మాట్ (పొట్టిగా టీనెఫ్), ఏ దారినైనా వెళ్ళగలదని అర్థం. వెళ్తుంది పాపం. విప్పేవాళ్ళే ఉండరు.

పెదనాన్న ఊరుకోక ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని మార్చారు. బియ్యం బస్తా మీద పంచదార అని రాసినట్టే. సైజు చూడాల్సింది: రెండు మూడు కేబీలే ఉంటే అందులో ఉన్నది అక్షరాల సోకులే, పీడీఎఫ్ అంత ఉంటే శుభలేఖ లోపలే ఉంది. లినక్స్‌లో టీనెఫ్ అనే చిన్న ప్రోగ్రాం ఆ మూట విప్పుతుంది. అది పెదనాన్నకి చెప్పే ధైర్యం ఎవరికుంది?

పంపేవైపు సరిచెయ్యడమే సులువు. ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్ళి ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్ చెయ్యాలి. అక్కడే కిందకి దిగితే రిచ్ టెక్స్ట్ ఇంటర్నెట్‌కి వెళ్ళేటప్పుడు ఏం చెయ్యాలో అడుగుతుంది, అక్కడా హెచ్‌టీఎంఎల్‌గా మార్చమనాలి.

అబ్బాయి అంతా చేసి, పాత మెయిల్‌నే ఫార్వర్డ్ కొట్టాడు. ఫార్వర్డ్ పాత ఫార్మాట్‌నే మోసుకుపోతుంది. పైగా రెండక్షరాలు కొట్టగానే ఔట్‌లుక్ అందించే పెదనాన్న అడ్రసు కూడా పాత అలవాటుని గుర్తుపెట్టుకుని ఉండొచ్చు. దాని పక్కనున్న ఇంటూ నొక్కి చెరిపేసి, అడ్రసు మొత్తం చేత్తో కొట్టి, కొత్త మెయిల్ పంపాలి. అందరికీ ఒకేసారి ఈ పీడ వదలాలంటే సర్వర్ చూసేవాళ్ళు రిమోట్ డొమైన్ (బయటి అడ్రసులకి వెళ్ళే మెయిళ్ళ) సెట్టింగులో ఈ మూటలు కట్టడం ఆపెయ్యాలి.

సాయంత్రానికి మళ్ళీ ఫోను.

"అందిందిరా, బాగుంది. మీ పెద్దమ్మ అడుగుతోంది, ఆ విన్‌మెయిల్ వాళ్ళు ఆడపెళ్ళివారి తరఫా అని."