సేనాపతి దొరికేదాకా

చెన్నైలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో చాలావాటికి ఒక సేనాపతి ఉంటాడు. కృష్ణదేవరాయల దండుతో దక్షిణానికి వచ్చి, ఇక్కడి నీళ్ళు ఒంటికి పడి, ఇక్కడే ఉండిపోయిన సేనాపతి. పెరంబూరులో కూరగాయల కొట్టు నడిపేవాళ్ళకూ ఆయనే మూలపురుషుడు, పురసవాక్కంలో వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళకూ ఆయనే. చిన్నప్పటి నుంచి నేను విన్న సేనాపతుల్ని లెక్కేస్తే, రాయలవారి సైన్యంలో సిపాయి అన్నవాడే లేడు. గుర్రానికి గడ్డి వేసినవాడు లేడు, డేరా మేకులు కొట్టినవాడు లేడు, అన్నం వండినవాడు అసలే లేడు. 1509 నుంచి 1529 దాకా అన్ని యుద్ధాలు చేసిన ఆ సైన్యం ఏం తిని బతికిందో చరిత్రకారులు కాస్త పట్టించుకోవాలి.

మా చిన్నాయన పోయినేడు ఈ రంగంలోకి దిగాడు. రిటైరై నాలుగేళ్ళు. పెరంబూరులో మా ఫ్లాట్ల అసోసియేషన్‌కి సెక్రటరీ. నీళ్ళ లారీ వచ్చినప్పుడు సంపు తాళం తియ్యడం, మళ్ళీ వెయ్యడం మినహాయిస్తే మిగతా రోజంతా తీరికే. "ఫ్లాటు కొనేటప్పుడు బ్యాంకువాడు ముప్పై ఏళ్ళ ఈసీ, మూలపత్రం అడుగుతాడు. మనిషి దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఏమీ అడగరేంరా అబ్బయా?" అన్నాడు. ఇందులో న్యాయం ఉందని ఈ వ్యాసకర్త ఒప్పుకుంటున్నాడు. ఎనిమిది వందల చదరపు అడుగులకున్న విలువ వంశానికి లేకపోతే ఎలా?

మొదటి చిక్కు పేర్లతో వచ్చింది. మా ఇంట్లో మగవాళ్ళకు రెండే పేర్లు. ఒకటి ఏడుకొండలవాడిది, రెండోది అయోధ్యవాడిది. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం కనక, ఏ కాగితం తీసినా ఏడుకొండలవాడి కొడుకు అయోధ్యవాడు, అయోధ్యవాడి కొడుకు ఏడుకొండలవాడు. పత్రం మీద సంవత్సరం చెరిగిపోయిందంటే అందులో ఉన్నది ముత్తాతో మునిమనవడో ఆ దేవుళ్ళే చెప్పాలి.

ఇంటిపేరు పట్టుకుని పైకి పోదామంటే అది ఇంకా కష్టం. మా జేజబ్బ బళ్ళో చేరినప్పుడు అయ్యవారు ఇంటిపేరును ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కత్తిరించాడు. కె. మా నాయన కాలానికి, ఇక్కడి పద్ధతి ప్రకారం ఆ చోట్లో తండ్రి పేరులోని మొదటి అక్షరం వచ్చి కూర్చుంది. ఆ 'కె' వెనకాల ఏముండేదో రాసిపెట్టినవాడు లేడు. చిన్నాయన మూడు రోజులు ఆలోచించి, 'కె' అంటే గజపతుల రాజధాని కటకం అని తేల్చాడు. అంటే గజపతుల మీద దండయాత్రలో మనవాళ్ళు ముందు వరసలో ఉన్నట్టే. మా మేనత్త పప్పులో పోపు పెడుతూ, "కటకం ఏంట్రా, కుక్కలదొడ్డి. అమ్మ చెప్పేది, కోడూరు దగ్గర" అంది. సేనాపతులు కుక్కలదొడ్డిలో పుట్టకూడదని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయినా చిన్నాయన ఆ సాక్ష్యాన్ని ఫైల్లో పెట్టలేదు.

ఇక్కడ ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ పని కొత్తది కాదు. 1800 ప్రాంతంలో కంపెనీవారి సర్వేయరు కాలిన్ మెకంజీ దొర కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, వంశావళులు పోగుచేశారు. వాటిలో తెలుగు ప్రతులు చాలావరకు ఇప్పటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనే ఉన్నాయి. పాలెగాళ్ళ వంశావళుల్లో తరచూ కనిపించే కథ ఒకటుంది. మూలపురుషుడు విజయనగరం వెళతాడు, రాయలవారి ముందు పులినో మల్లుణ్ణో పడగొడతాడు, బిరుదులూ పాలెమూ పట్టుకుని వస్తాడు. పైకి పోయేకొద్దీ కొన్ని సూర్యుడి దగ్గరో చంద్రుడి దగ్గరో ఆగుతాయి. ఆపైన పోవడానికి చోటు లేక. రెండు వందల ఏళ్ళ నాడే ఇంత పద్ధతిగా జరిగిన పనిలో మా చిన్నాయన కొత్తగా చేసిన తప్పేమీ లేదు.

కాగితాలు తేల్చనప్పుడు శాస్త్రం తేల్చాలి. అమెరికాలో ఉన్న కొడుకు సెలవులకు వస్తూ డీఎన్ఏ పరీక్ష గొట్టం ఒకటి తెచ్చాడు. అందులో గీత దాకా ఉమ్మి నింపాలి. నింపే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ఈ అరగంటే మా ఇంట్లో సమస్య అయింది. పొద్దున ఐదింటికి ఫిల్టరు కింద డికాషన్ పడే చప్పుడు వింటేగానీ చిన్నాయనకి తెల్లవారదు. మొదటిరోజు పన్నెండు నిమిషాలకే ఓడిపోయాడు. రెండోరోజు డైనింగ్ టేబుల్ మీద గడియారం పెట్టుకుని, ఎదురుగా గొట్టం పెట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లోంచి వాసన వస్తోంది. అత్త జాలిపడి తలుపు వేసింది. అరగంట అయ్యాక చూస్తే నోరు ఎండిపోయి ఉమ్మి రావడం లేదు. చివరికి ఆవకాయ జాడీ మూత తీసి దూరం నుంచి చూపించాం. గీత దాటిపోయింది.

పూర్వీకుల కోసం మనిషిని కొలవడం ఈ ఊరికి కొత్త కాదు. ఎగ్మోర్ మ్యూజియంకి 1885 నుంచి 1908 దాకా సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, బొమ్మలు చూడ్డానికి వచ్చిన జనాన్ని కూడా నిలబెట్టి తలలూ ముక్కులూ కొలిచేవాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూటితో గుణిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె తగ్గేకొద్దీ సంఘంలో హోదా పెరుగుతుందని అప్పటి పెద్ద అధికారి, 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ నమ్మకం. ఇప్పుడు మనం ముక్కు నుంచి నోటికి దిగాం. పైగా అప్పట్లో దొరగారు ఊరికే కొలిచేవాడు, ఇప్పుడు మనమే డబ్బు కట్టి పంపిస్తున్నాం.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. 98.6 శాతం దక్షిణ భారతం. పదివేల చిల్లర ఖర్చుపెట్టి తెలుసుకున్న ఈ సంగతి సెంట్రల్ స్టేషన్ బయట ఆటో డ్రైవర్ మొహం చూసి ఉచితంగా చెప్పేవాడు. కానీ చిన్నాయన కళ్ళు మిగిలిన 1.4 మీద పడ్డాయి. మధ్య ఆసియా అట. "గుర్రాలు!" అన్నాడు. రాయలవారికి గుర్రాలు సముద్రం అవతలి నుంచి వచ్చేవి, గుర్రాలతోపాటు మనుషులూ వచ్చి ఉంటారు, కాబట్టి మనది అశ్వికదళం. మధ్య ఆసియాలో సముద్రం ఎక్కడుంది అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఈ శాతాలు పూర్వీకుల ఎముకల్లోంచి తీసినవి కావు. ఇవాళ బతికున్న కొన్ని గుంపుల నమూనాలతో మనది పోల్చి వేసే అంచనాలు. గుంపుల పట్టిక మారితే అంచనా మారుతుంది. దీపావళికి వచ్చిన మధ్య ఆసియావాళ్ళు సంక్రాంతికి కంపెనీ అప్‌డేట్ చెయ్యగానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. గుర్రాలు కూడా తోలుకుపోయినట్టున్నారు.

అత్త కూడా పరీక్ష చేయించుకుంది. తమ్ముడికి లేని ముక్క ఒకటి ఆమెకు వచ్చింది. తల్లీతండ్రీ చెరో సగం ఇస్తారుగానీ ఏ పిల్లకు ఏ సగం పోతుందో ఒక లెక్క లేదు, అందుకే తోడబుట్టినవాళ్ళ రిపోర్టులు కూడా అచ్చుగుద్దినట్టు ఉండవు. ఇది నేను చెప్పేలోపే చిన్నాయన, ఆస్పత్రిలో పిల్లలు మారిపోయారా అన్నట్టు అక్క వైపు చూశాడు. అత్త పుట్టింది ఇంట్లోనే. ఆ చూపుకి వారం రోజులు మా అందరికీ చారు మాత్రమే పోసింది.

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమ్ వరస 'ఎల్' అని తేలింది. దక్షిణాదిలో మామూలుగా కనిపించేదే. చిన్నాయన దృష్టిలో ఎల్ అంటే లీడర్. పది తరాలు వెనక్కి పోతే ఒక మనిషికి 1,024 మంది తాతముత్తవ్వలు లెక్కకొస్తారు, ఈ ఎల్ వాళ్ళలో ఒకే ఒక్కడి సంగతి చెబుతుంది. తరానికి పాతికేళ్ళ చొప్పున రాయలవారి దాకా ఇరవై తరాలు పోతే లెక్క 10,48,576. ఇన్ని లక్షల మందిలో సేనాపతి ఒకడు ఉండకపోడు, నిజమే. ఆయన గుడారం ఊడ్చినవాడూ ఉండకపోడు. తల్లుల వైపు వరస 'ఎం' అని అదే పేజీలో ఉంది. దానికి అర్థం ఏమిటో ఆయన వెతకలేదు. జేజి వాళ్ళ అమ్మమ్మ పేరేమిటని నేను అడిగితే, "ఆడవాళ్ళ పేర్లు రికార్డులో ఉండవురా" అన్నాడు.

నిజానికి మన ఇళ్ళకు ఇంత లెక్క పనికిరాదు. మా జేజిని ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. అంటే మా జేజబ్బ అమ్మానాన్నలు జేజికి అత్తామామలూ అవుతారు, అమ్మమ్మాతాతలూ అవుతారు. చిన్నాయనకి కన్నతండ్రే వరసకు తాత. కంప్యూటర్‌లో వంశవృక్షం గీసే ప్రోగ్రామ్‌లోకి ఇది ఎక్కిస్తే ఒకే మనిషి రెండు కొమ్మల మీద కూర్చున్నాడని ఎర్ర గుర్తు పెట్టి, "పొరపాటు జరిగిందేమో చూసుకోండి" అంది. పొరపాటేమీ లేదు, పొలం బయటికి పోకూడదని పెద్దలు చేసిన ఏర్పాటు. మనది చెట్టు కాదు, మర్రి ఊడల గుబురు. ఇలాంటి పెళ్ళిళ్ళ వల్లే ఎక్కడో డాలస్‌లో ఉన్న అయిదారు తరాల దూరపు బంధువు కూడా రిపోర్టులో దగ్గర దాయాదిలా కనిపిస్తాడు. చిన్నాయన అలాంటి వాడొకడికి మెసేజ్ పెట్టి, మొదటి మాటగా గోత్రం అడిగాడు. అవతలివాడు బ్లాక్ చేశాడు.

కులం స్వచ్ఛత గురించి కూడా శాస్త్రం ఒక మాట చెప్పింది. హైదరాబాదులో జన్యు పరిశోధనలు చేసే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌వాళ్ళు కలిసి 2013లో వేసిన పరిశోధనా పత్రం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో ఉత్తరపు పూర్వీకులూ దక్షిణపు పూర్వీకులూ బాగా కలిసిపోయారు, కలవకుండా మిగిలిన గుంపు దాదాపు లేదు. గిరిగీసుకుని లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం ఆ తర్వాతి సంగతి. ఇది చదివి వినిపిస్తే చిన్నాయన శ్రద్ధగా విని, "ఆ టైములో మనవాళ్ళు ఊళ్ళో లేరు" అన్నాడు.

ఉమ్మి ఎక్కడికి పోతుందన్న టెన్షన్ మాత్రం ఆయనకి లేదు. ట్వంటీత్రీ అండ్ మీ అనే అమెరికా కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మనది వేరే కంపెనీ కదా అని ఈయన ధీమా. సంపు తాళాన్ని మాత్రం రాత్రి రెండుసార్లు లాగి చూసుకుంటాడు.

చివరికి కాగితమే దొరికింది. ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా ఎర్ర ఇటుకల మేడ ఉంటుంది, 1909లో కట్టింది, తమిళనాడు ఆర్కైవ్స్. అక్కడ 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు ఉన్నాయి. ఎవరికి ఎంత మాన్యం, ఏ పనికి ఇచ్చారు, ఎవరి తర్వాత ఎవరికి వచ్చింది అని గళ్ళు గీసి రాసినవి. ఏ ఊరి కోసం వెతకాలో అత్తే చెప్పింది, ఆమె చెప్పిందని ఫైల్లో రాయలేదు. తిరువళ్ళూరు వైపు ఒక చెరువు కింద ఊరు. ఏడుకొండలవాడి కొడుకు అయోధ్యవాడు. అరెకరం చిల్లర మాన్యం. ఏ సేవకు అన్న గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాట. నీరుగంటి.

చెరువు తూము తీసేవాడు, వేసేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో వంతులు చూసేవాడు. రాత్రి గట్టు మీద లాంతరుతో తిరిగేవాడు. ఎండాకాలంలో ఇరుపక్షాల చేతా తిట్లు తినేవాడు. ఈ సంగతులన్నీ నేను ఫోన్లో చెప్పాక చిన్నాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు కాఫీ తాగి, తల పైకెత్తి, "నీరుగంటి అంటే మామూలు పని కాదురా అబ్బయా. విజయనగరం లెక్కలో జలసేనాపతి" అన్నాడు. ఆ మాటతో పరిశోధన పూర్తయింది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు.

మొన్న ఆదివారం తెల్లవారుజామున ఐదుంబావుకి నీళ్ళ లారీ వచ్చింది. చిన్నాయన లుంగీ ఎగ్గట్టి, చేతిలో టార్చి పట్టుకుని, సంపు దగ్గర వాల్వు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏ బ్లాకుకి ఇరవై నిమిషాలు, బీ బ్లాకుకి ఇరవై నిమిషాలు. బీ బ్లాకు మూడో అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి గడియారం చూపిస్తూ, "సెక్రటరీ సార్, మీ బ్లాకుకి పది నిమిషాలు ఎక్కువ వదిలారు, నేను చూస్తూనే ఉన్నా" అని అరిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. "సేనాపతుల వంశమమ్మా మాది. నీళ్ళ దగ్గర మమ్మల్ని అనుమానిస్తారా?" అని, మళ్ళీ కూర్చుని, వాల్వు బీ బ్లాకు వైపు తిప్పాడు.