ఉచిత చదువుకు కట్టే ఫీజు

ప్రభుత్వం ఉచితంగా చదువు చెబుతానంటే మనవాళ్లు ఊరికే పుచ్చుకునే రకం కాదు. దానికోసం ఎంత ఖర్చయినా పెడతారు. ఈ మాటలో వెటకారం వెతకవద్దని పాఠకులకు మనవి. మహబూబ్‌నగర్‌లో మేముండే వీధి చివర ఇందుకు సాక్ష్యంగా ఒక చిన్న ప్రైవేటు బడి నిలబడి ఉంది. కింద సిమెంటు, ఇనుము దుకాణం. పైన రెండంతస్తుల్లో మూడు నుంచి అయిదు వరకు తరగతులు. ఆపైన రేకుల కప్పు కింద ప్రార్థన, భోజనం, ఆటలు, శిక్షలు. బడి పేరు చెప్పను. చెబితే ఉచిత ప్రచారం అవుతుంది, ఉచితమన్న మాట ఆ యాజమాన్యానికి గిట్టదు.

ఆ బడి ఆశయం చాలా గొప్పది. అక్కడ చేరిన పిల్లవాడు ఎంత తొందరగా అక్కడి నుంచి బయటపడితే అంత విజయం. నాలుగో తరగతి కాగానే గురుకులం, అది తప్పితే అయిదు కాగానే నవోదయ, అదీ తప్పితే సైనిక్ స్కూలు. మా దగ్గర చేరితే మా దగ్గర ఉండనక్కర్లేదని ధైర్యంగా చెప్పుకునే సంస్థలు లోకంలో రెండే ఉంటాయి. రెండోది ఆసుపత్రి.

ఈ పరిశ్రమకు తెలియకుండానే పునాది వేసినవారిని ఇక్కడ తలచుకోవాలి. 1971లో అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో మొదటి గురుకుల పాఠశాల వెలిసింది. ఆయన కేంద్రంలో మానవ వనరుల శాఖ చూస్తున్న రోజుల్లోనే 1986 జాతీయ విద్యా విధానం వచ్చింది, దానితో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. తెలివి ఉండీ చేతిలో డబ్బు లేని పల్లె పిల్లలను ఏరి, తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి చదివించాలన్నది ఆలోచన. ఏరడానికి ఒక పరీక్ష పెట్టారు. మా వీధి బడిని నడిపే కరస్పాండెంట్ గారికి జీవితాశయం దొరికింది అక్కడే. పరీక్ష ఉంటే తయారీ ఉండాలి, తయారీ ఉంటే ఫీజు ఉండాలి. ఫీజు ఉన్నంత మాత్రాన రసీదు ఉండాలని మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

నాగర్‌కర్నూల్ జిల్లాలోని వట్టెం నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. పరీక్షలో ప్రశ్నలు కూడా 80. రెండు గంటల సమయం, 100 మార్కులు, అందులో సగం మేధాశక్తి పరీక్షకే. ఆ పరీక్ష ఒక పిల్లవాడు ఒక్కసారే రాయాలి, రెండోసారి కుదరదు. ఎన్నికల్లో ఓడిన నాయకుడికి అయిదేళ్లకు మళ్లీ అవకాశం ఇస్తాం. పదేళ్ల పిల్లవాడికి మాత్రం ఇవ్వం. తల్లిదండ్రుల గుండెల్లో ఈ భయం ఎంత ఉందో కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు, బడి టర్ము ఫీజు చూస్తే చాలు.

మా బడి చట్టానికి ఎంత విధేయంగా ఉంటుందో కూడా చెప్పాలి. పదహారేళ్లు నిండని పిల్లలను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. యాజమాన్యం వెంటనే శిరసావహించింది. బోర్డు మీద కోచింగ్ అన్న మాటకు రంగు పూసి స్కూల్ అని రాయించింది. గట్టి వాన పడిన రోజు పాత అక్షరాలు కొంచెం తొంగిచూస్తాయి, అది రంగు దుకాణంవాడి మోసం.

2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టరాదు. అందువల్ల మా బడిలో ప్రవేశ పరీక్ష లేదు. ప్రతిభా పరీక్ష ఉంది. ఇందులో తప్పినవారికి సీటు లేదన్న దాఖలా ఇప్పటివరకు లేదు. మార్కులు ఎక్కువ వచ్చినవారికి రాయితీ, తక్కువ వచ్చినవారికి ఎక్కువ శ్రద్ధ అవసరం కనుక పూర్తి ఫీజు. తెలివితక్కువతనం ఎంత ఖరీదైనదో ఎనిమిదేళ్లకే తెలియజెప్పే బడి దొరకడం అదృష్టం కాదా?

నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి. ఆ కోటాలో రావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. కాబట్టి మా బడి పిల్లలు కొందరు ఒకే సమయంలో రెండు ఊళ్లలో ఉంటారు. అక్కడ హాజరు పట్టీలో ఉంటారు, ఇక్కడ బెంచీ మీద ఉంటారు. హిమాలయాల్లో ఏళ్ల తరబడి తపస్సు చేస్తే గానీ పట్టుబడని విద్య ఇది. మధ్యాహ్న భోజనం మాత్రం అక్కడి లెక్కలోనే ఉండిపోతుంది, ఆకలి ఇక్కడ వేస్తుంది.

ఇంతటి సంస్థపై తల్లిదండ్రుల, విద్యార్థుల అభిప్రాయాలు ఏమిటన్నది నేను విచారించదలచిన విషయం. విచారణ సులువుగానే సాగింది. ఎందుకంటే అభిప్రాయాలన్నీ బడి ఆఫీసు బీరువాలో తాళం వేసి భద్రంగా ఉన్నాయి. సంక్రాంతి సెలవులకు ముందు యాజమాన్యమే అభిప్రాయ సేకరణ జరిపింది. తెలుగు మేడమ్ బోర్డు మీద రాశారు: "మా పాఠశాల అంటే నాకు చాలా ఇష్టం. ఉపాధ్యాయులు ప్రేమగా చూస్తారు. మరుగుదొడ్లు పరిశుభ్రంగా ఉన్నాయి." పిల్లలు చూసి రాశారు. మా పక్కింటి నాలుగో తరగతి పిల్లవాడు తొందరలో ప్రేమగా అన్న చోట ప్రేముగా అని రాశాడు. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఆ వాక్యాన్ని యాభై సార్లు రాసుకుని రమ్మన్నారు. ఆ పుస్తకం నేను చూశాను. మొదటి పుట ముత్యాల్లా ఉంది. ముప్ఫై దాటాక ఉపాధ్యాయుల్లో వత్తు పోయింది. నలభై దాటాక ప్రేమ గీత దిగిపోయి మార్జిన్‌లోకి జారింది. చివరి నాలుగు వాక్యాలు వాళ్ల అమ్మ చేతిరాత. ఉపాధ్యాయుల ప్రేమను ఇంత లోతుగా అనుభవించి రాసిన అభిప్రాయం రాష్ట్రంలో మరొకటి దొరకదు.

తల్లిదండ్రుల అభిప్రాయాలకు అచ్చువేసిన ఫారం ఉంది. సమావేశం రోజు ముందు ఫీజు కౌంటరు, తర్వాత తరగతి గది, ఆ తర్వాత ఫారం. బాకీ ఉన్నవారికి ఫారం ఇవ్వరు. బాకీ పెట్టుకుని అభిప్రాయం కూడా పెట్టుకోవడం ఏం మర్యాద? ఒక ఆర్టీసీ కండక్టరు గారు లేచి, కొడుక్కి క్రమశిక్షణ బాగా అలవడిందని అందరి ముందూ చెప్పారు. ఒకప్పుడు ఇంటికి రాగానే వీధి ఏలేవాడట. ఇప్పుడు మెడలో టై కూడా విప్పకుండా గోడకు చేరబడి కళ్లు మూస్తున్నాడట. పొద్దున ఆరున్నరకు వ్యాను, రాత్రి ఏడున్నరకు స్టడీ అవర్ ముగింపు. ఆ సమయంలో పెద్దవాళ్లను తిప్పినా అంతే క్రమశిక్షణ వస్తుంది. కిరాణా దుకాణం నడిపే మరొకాయన, ఇంత ఫీజు ఊరికే తీసుకోరు కదా, ఏదో ఉండే ఉంటుందని తేల్చారు. చప్పట్లు మోగాయి. తార్కికంగా ఇంతకు మించిన రుజువు నాకూ తోచలేదు.

గేటు బయట అభిప్రాయాలు వేరేగా వినిపిస్తాయి. స్కూటీల దగ్గర నిలబడిన తల్లులు ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటుంది: నీళ్ల సీసా పొద్దున నింపి పంపితే సాయంత్రం అలాగే తిరిగి వస్తోందని. ఆడపిల్లల సీసాలైతే మూత తీసిన గుర్తు కూడా ఉండదు. నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, వెళ్లాలంటే అది వెళ్లేలా ఉండాలి. ఆ లెక్క మూడో తరగతి పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. వాడనివి ఎప్పుడూ పరిశుభ్రంగానే ఉంటాయి కాబట్టి బోర్డు మీద మేడమ్ రాసింది అబద్ధమని నేను అనలేను. ఈ మాట సమావేశంలో ఎందుకు ఎత్తలేదని ఒక తల్లిని అడిగితే నన్ను జాలిగా చూసి, "మన పిల్ల మీద పెట్టుకుంటారు కదన్నా" అంది. లోపల కొడుకునో కూతురినో జామీను ఉంచినవాళ్లు బయట నిలబడి నిజం చెబుతారనుకోవడం నా బోటి కాలమిస్టుల అమాయకత్వం.

నారాయణపేట వైపు నుంచి ఒక ముసలమ్మ మనవడి కోసం వచ్చింది. కొడుకూ కోడలూ పుణెలో కట్టడాల పనికి వెళ్లారు. పిల్లవాడు పట్టణంలో బంధువుల ఇంట్లో ఉండి చదువుతున్నాడు. ఆమె ఫారం చదవలేదు గానీ సార్ చెప్పినదంతా శ్రద్ధగా విన్నది. నవోదయలో సీటు వస్తే చదువూ తిండీ అన్నీ ఉచితమని సార్ రెండుసార్లు చెప్పారు. "ఉచితమైతే మరి ఇప్పుడు డబ్బు ఎందుకు సారూ?" అని అడిగింది. గది కాసేపు నిశ్శబ్దమైంది. అది సీటు వచ్చాక అమ్మా అన్నారు సార్. ఆమె చెయ్యి పట్టుకుని, సిరా పూసి, "చాలా సంతృప్తికరం" అన్న గడిలో వేలిముద్ర వేయించారు. ఆ సమావేశంలో ప్రశ్న అడిగిన ఏకైక వ్యక్తి కూడా చాలా సంతృప్తి చెందినట్టు రికార్డయింది.

ఇక విద్యార్థుల అసలు అభిప్రాయాలు. వీటికి ఫారం లేదు, కాబట్టి సాక్ష్యంగా చెల్లవు. అయినా రాస్తాను. పిల్లల దృష్టిలో బడిలో అన్నిటికంటే మంచి విషయం కరెంటు పోవడం. తెర మీద బొమ్మ ఆగిపోతుంది, పాఠం చెప్పడం రాని సారు కథ చెబుతారు. లెక్కల సారు ఎలా ఉండేవారని అడిగితే, మంచివారే, అందుకే వెళ్లిపోయారని ఒకమ్మాయి చెప్పింది. దసరాకు ముందు ఒక సారు, సంక్రాంతికి ముందు ఒక సారు. వాళ్ల జీతాల గురించి ఎవరూ అభిప్రాయ సేకరణ జరపలేదు.

అయిదో తరగతి పిల్లవాడి సంగతి ఒకటుంది. నవోదయ పరీక్షలో ఒక రకం ప్రశ్న వస్తుంది: చదరపు కాగితాన్ని మడిచి, ఒక మూల రంధ్రం చేసి, విప్పితే ఎలా ఉంటుందో నాలుగు బొమ్మల్లోంచి గుర్తుపట్టాలి. మా బడిలో దీనికి సూత్రాలున్నాయి. ఒక మడతకు రెండు, రెండు మడతలకు నాలుగు, మూల అయితే ఇలా, మధ్య అయితే అలా. పిల్లలు ఎక్కాల్లా వల్లిస్తారు. ఈ పిల్లవాడికి సూత్రం నోటికి రాలేదు. నోటుపుస్తకంలో చివరి కాగితం చింపాడు, మడిచాడు, వృత్తలేఖిని మొనతో పొడిచాడు, విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. నాలుగు చుక్కల్లోంచి వెలుగు కనిపించింది. జవాబు సరిగ్గా పెట్టాడు. పక్కవాడికి కూడా చూపించాడు. సార్ వచ్చి బడి పుస్తకం చింపినందుకు చెవి మెలిపెట్టి, ఆ పీరియడ్ అంతా రేకుల కింద నిలబెట్టారు. పిల్లల్లో సొంతంగా ఆలోచించే శక్తిని కనిపెట్టడానికి ఢిల్లీలో ఎవరో పెద్దలు కూర్చుని తయారు చేసిన ప్రశ్న అది. కనిపెట్టడంలో మా బడే ముందుంది, అది ఒప్పుకోవాలి.

పిల్లలను శారీరకంగా దండించరాదని, మానసికంగా వేధించరాదని అదే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్‌ను పటం కట్టించి ఆఫీసు గదిలో తగిలించారు. బెత్తం కూడా ఆ పటం వెనకాలే ఉంటుంది.

ఫలితాలు వచ్చాయి. వట్టెంకు ఎంపికైన ఒక పిల్లవాడి ఫ్లెక్సీ మా వీధి మొదట్లో కట్టారు. అదే ముఖం, అదే నవ్వు బస్టాండు దగ్గర మరో బడి ఫ్లెక్సీలో, చౌరస్తాలో ఇంకో బడి ఫ్లెక్సీలో కనిపించింది. టై రంగు మాత్రమే మారింది. ఒకరి దగ్గర ఏడాదంతా చదివాడు, మరొకరి దగ్గర నమూనా పరీక్ష రాశాడు, మూడోవారి వ్యాను ఎక్కాడు. నాలుగో హక్కుదారు కూడా ఉంది, ఊళ్లోని ప్రభుత్వ బడి. కాగితాల ప్రకారం అసలు చదువు అక్కడే సాగింది. ఆ బడికి సుద్దముక్కలకే డబ్బు చాలదు, ఫ్లెక్సీ ఎక్కడ వేయిస్తుంది?

కండక్టరు గారి అబ్బాయికి సీటు రాలేదు. తప్పు పిల్లవాడిదేనని బడి నిర్ధారించింది. అయినా దారి చూపింది: తొమ్మిదో తరగతిలో ఖాళీ సీట్లకు నవోదయ మరో పరీక్ష పెడుతుంది, దానికి మూడేళ్ల ముందు నుంచే పునాది పడాలి. ఈసారి కండక్టరు గారు వినలేదు. కొడుకును ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వేశారు. ఆ వేసవంతా బస్టాండులో, టీ కొట్టు దగ్గర, చివరికి టికెట్లు కొడుతూ కూడా ఆ బడి గురించి తన అభిప్రాయం దాచకుండా చెప్పారు. రేకులు తప్ప అక్కడ ఏమీ లేదని, పిల్లవాడి నిద్ర పోయిందని, తన రెండేళ్ల ఓవర్‌టైం డబ్బు పోయిందని. ఆ మాటలు విని జడ్చర్ల ప్రయాణికులు తలలూపారు.

జూన్‌లో ఆయన రెండో సంతానం మూడో తరగతికి వచ్చింది. అన్న చదివిన బడి కనుక చెల్లెలికి ఫీజులో పది శాతం తగ్గిస్తామన్నారు. ఆయన కౌంటరు దగ్గర నిలబడి తన అభిప్రాయాన్ని మళ్లీ మొదటి నుంచి చివరి దాకా, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పారు. కరస్పాండెంట్ గారు ఎక్కడా అడ్డు తగలకుండా విని, మొదటి టర్ము డబ్బు లెక్కపెట్టుకున్నారు.