డ్రాకులాని ఒక్క లైన్లో తేల్చేశారేంటండీ!

హాలోవీన్‌కి చదవాల్సిన దెయ్యం పుస్తకాలంటూ మీరిచ్చిన జాబితా బాగుంది కానీ, బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ని ‘అందరికీ తెలిసిన కథే’ అని ఒక్క లైన్లో దాటేశారు. తెలిసింది సినిమా అండీ, పుస్తకం కాదు. 1897లో వచ్చిన ఈ నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, పేపర్ కటింగ్‌లే. రాసేవాడికి రేపేం జరుగుతుందో తెలియదు, మనకి మాత్రం ముందే తెలిసిపోతుంటుంది. అసలు టెన్షన్ అక్కడే.

డ్రాకులా కోటకి పని మీద వెళ్లిన లాయర్ హార్కర్ చిన్న అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటాడు. వెనక నుంచి కౌంట్ డ్రాకులా భుజం మీద చెయ్యి వేస్తాడు. అద్దంలో గది మొత్తం కనిపిస్తుంది, మనిషే కనిపించడు! ఒక రాత్రి కోటగోడ మీద తలకిందులుగా బల్లిలా పాకుతూ దిగుతాడు. అది చదివాక మా వంటింటి గోడ మీద బల్లిని చూసినా రెండ్రోజులు గుండె ఝల్లుమంది, నవ్వకండి.

మధ్యలో కొంత సాగదీత ఉంది, ముఖ్యంగా డ్రాకులాని వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు. ఆ పేజీలు నేనైతే గబగబా తిప్పేశాను.

ఇంకో సంగతి. అక్టోబర్ 31 తేదీతో హార్కర్ భార్య మీనా డైరీలో ఒక పేజీ ఉంది, మధ్యాహ్నానికి వెరెస్తి (డ్రాకులా కోటకి వెళ్లే దారిలో ఊరు) చేరామని. అప్పటికి డ్రాకులా వేట చివరికొచ్చింది. అందుకే ఆ పేజీ సరిగ్గా హాలోవీన్ రోజుకి వచ్చేలా లెక్కేసుకుని నెల ముందే మొదలుపెట్టండి. కాపీరైట్ లేదు, ఇంగ్లీషులో గుటెన్‌బర్గ్ సైట్లో ఉచితంగానే దొరుకుతుంది.

తెలుగులోనే కావాలంటే యండమూరి ‘తులసిదళం’ ఉండనే ఉంది. అది మాత్రం పగలే చదవండి.