చెప్పింది లేదు, వినలేదని రాస్తారా?

‘రోగి మందులు సరిగా వాడలేదు.’ ఒక ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో ఉన్న మాట ఇది. బంగారుపాళ్యం వైపు నుంచి ఒక మామిడి రైతు కొడుకు ఈ వారం ఆ కాగితం తెచ్చి మా పత్రిక ఆఫీసులో బల్ల మీద పెట్టాడు. పక్కనే అంతకుముందు రాసిన మందుల చీటీ కూడా పెట్టాడు. నడిస్తే ఛాతీ పట్టేస్తోందని వెళ్లిన తండ్రికి అది యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి అని చెప్పి, ఒకే రోజు ఒక నైట్రేట్ మాత్ర, గుండె వేగాన్ని తగ్గించే ఒక బీటా బ్లాకర్ మాత్ర కొత్తగా మొదలుపెట్టారు. రెండో రోజుకే తల పగిలిపోయేంత నొప్పి. తర్వాత ఒక తెల్లవారుజామున మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగి బాత్రూం దగ్గర పడిపోయాడు. ‘మందు పడలేదేమో అనుకొని మేమే అన్నీ ఆపేసినాం సార్. ఇట్లా అయితాదని మాకెవురూ చెప్పలేదు’ అన్నాడు ఆ కొడుకు. అన్నీ ఆపేసిన కొద్ది రోజులకే గుండెపోటు వచ్చింది.

మాత్రలు ఆపడమే గుండెపోటుకు కారణమని మేము తీర్పు చెప్పడం లేదు. అది వైద్యులు తేల్చాల్సిన సంగతి. కానీ మెటోప్రోలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లను హఠాత్తుగా ఆపేస్తే గుండెనొప్పి తీవ్రం కావచ్చని, గుండెపోటు కూడా రావచ్చని ఆ మందుల సమాచార పత్రాల్లోనే హెచ్చరిక ఉంటుంది. ఆ హెచ్చరిక కంపెనీకి తెలుసు, డాక్టరుకు తెలుసు, ఫార్మసిస్టుకు తెలుసు. మాత్ర మింగే మనిషికి మాత్రం తెలియదు. ఎవరూ చెప్పని సంగతి ఆయన పాటించలేదని కాగితం మీద రాశారు. మాకు కోపం తెప్పించింది ఇదే.

యాంజియోగ్రామ్‌కు సంతకం తీసుకుంటారు. స్టెంట్‌కు సంతకం తీసుకుంటారు. రావచ్చనుకున్న ప్రమాదాలన్నీ చదివి వినిపించి, తోడొచ్చినవాళ్ల చేత కూడా వేలిముద్ర వేయిస్తారు. అదే గుండెకు ఏళ్ల తరబడి వాడాల్సిన మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఒక్క మాట ఉండదు. సంతకం ఆసుపత్రిని కేసుల నుంచి కాపాడుతుంది, మాట రోగిని కాపాడుతుంది. మొదటిదానికి దొరికే తీరిక రెండోదానికి ఎందుకు దొరకదు?

డాక్టర్ల వైపు నుంచి వినిపించే వాదన మాకు తెలుసు. ఓపీలో జనం కిటకిటలాడుతుంటారు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు దొరికితే ఎక్కువ. దుష్ప్రభావాలు ఏకరువు పెడితే భయపడి అసలు మందే వేసుకోరంటారు. చెప్పడం వల్ల లేని తలనొప్పి కూడా వచ్చినట్టనిపించే మనుషులు ఉన్న మాటా నిజమే. కానీ చెప్పకపోతే ఏం జరుగుతోందో బంగారుపాళ్యం రైతు చూపించాడు. చెప్పినప్పుడు కలిగే భయాన్ని మరో మాటతో పోగొట్టవచ్చు. చెప్పనప్పుడు కలిగే భయం మాత్రలను చెత్తబుట్టలో వేయిస్తుంది.

ఇంతకీ చెప్పాల్సింది పెద్ద గ్రంథమేమీ కాదు. నైట్రేట్ మాత్ర రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. మొదట్లో తలనొప్పి రావడం అందుకే. చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు కాబట్టి మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు, కాసేపు కూర్చుని లేవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్రను కూర్చునే వేసుకోవాలి, అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. రోజూ వేసుకునే నైట్రేట్‌కు రోజులో కొన్ని గంటల విరామం ఉండాలి, లేకపోతే శరీరం దానికి అలవాటు పడి మందు పని చేయడం తగ్గుతుంది. కొందరికి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి అని రాసేది అందుకే. ఆ కారణం తెలియనివాళ్లు మధ్యాహ్నం మరిచిపోయిన మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకుంటారు. వాళ్లనూ ‘సరిగా వాడలేదు’ జాబితాలోనే చేరుస్తారా?

సిగ్గుపడి దాచే విషయం ఒకటుంది. దాన్ని పత్రికలోనైనా సూటిగా రాయాలి. లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలను నైట్రేట్‌తో కలిపి వాడితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో నైట్రేట్ జోలికి పోకూడదు. రోజూ నైట్రేట్ వాడేవాళ్లు ఆ మాత్రలు అసలు ముట్టకూడదు. చీటీ లేకుండా వాటిని అమ్మకూడదని చట్టం ఉన్నా దొరకడం కష్టమేమీ కాదు. అరవై ఏళ్ల పెద్దాయన కోడలి ముందు ఈ సంగతి తనంతట తాను చెప్పడు. తోడొచ్చినవాళ్లను ఒక నిమిషం బయట ఉండమని డాక్టరే అడగాలి. ఎంతమంది అడుగుతున్నారు?

యాంజైనాకు రాసే మిగతా మందులదీ ఇదే కథ. ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. అది తెలియక కిడ్నీలు పోయాయని బెంగపడి, పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గర మూత్రం ఎక్కువ పోయే మాత్ర తెచ్చుకునేవాళ్లున్నారు. బీటా బ్లాకర్ వేసుకుంటే నాడి నెమ్మదిస్తుంది, నీరసంగా ఉంటుంది. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడను ఈ మందు కప్పేస్తుంది, కాబట్టి చెమటలు పట్టినా జాగ్రత్త పడాలి. ఐవాబ్రడిన్ వాడే కొందరికి వెలుతురు ఒక్కసారిగా మారినప్పుడు కళ్ల ముందు మెరుపుల్లా కనిపిస్తాయి. రాత్రిపూట చిత్తూరు రోడ్డు మీద లారీ నడిపే మనిషికి ఈ సంగతి చెప్పకుండా ఆ మాత్ర ఎలా రాస్తారు? నికోరాండిల్ వల్ల నోట్లో పుండ్లు రావచ్చు. దాని వల్లేనని తెలియక నెలల తరబడి పూత మందులు రాసుకుంటారు. ట్రైమెటాజిడిన్‌ను పార్కిన్‌సన్స్, చేతుల వణుకు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని 2012లోనే యూరప్ ఔషధ సంస్థ చెప్పింది. మన దగ్గర అది ఇప్పటికీ వాడుకలో ఉంది. రాసేటప్పుడు వణుకు ఉందా అని అడుగుతున్నారా?

రానొలాజిన్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి మందులకు నొప్పి లొంగనప్పుడు ఇప్పుడు ఇక్కడా రాస్తున్నారు. కళ్లు తిరగడం, వికారం, మలబద్ధకం దీనితో తరచూ కనిపించేవి. కొందరిలో గుండె విద్యుత్ లయను కూడా మారుస్తుంది కాబట్టి ఈసీజీ చూసుకోవాలి. లివర్ సిర్రోసిస్ ఉంటే వాడకూడదు. జలుబు, దగ్గు అని షాపులో క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ అడిగి వేసుకుంటే రక్తంలో రానొలాజిన్ ప్రమాదకరంగా పెరుగుతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు ఆ సంగతి చెప్పి మోతాదు సరిచూపించుకోవాలి. ఇందులో ఏది రోగికి అర్థం కానంత కష్టమైన విషయం?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎక్కడా వినపడటం లేదు. గుండెజబ్బు మందులన్నీ ఒకే పని చేయవు. నైట్రేట్లు, రానొలాజిన్ నొప్పిని తగ్గిస్తాయి, నాలుగడుగులు ఎక్కువ నడవనిస్తాయి. నిలకడగా ఉన్న యాంజైనాలో అవి ఆయుష్షు పెంచుతాయని రుజువు కాలేదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ లాంటివి నొప్పిని తగ్గించవు, కానీ రాబోయే గుండెపోటు ముప్పును తగ్గిస్తాయి. ఈ తేడా తెలిసిన మనిషి బేరీజు వేసుకోగలడు. నొప్పి తగ్గడం కోసం ఈ తలనొప్పిని ఎంతవరకు భరించగలను, మోతాదు తగ్గిస్తే సరిపోతుందా, వేరే మందు ఉందా అని అడగగలడు. తెలియని మనిషి ఏం చేస్తాడు? తలనొప్పి తెప్పించిన మాత్రతో పాటు ప్రాణం కాపాడే మాత్రనూ అదే కవర్లో ఉందని ఆపేస్తాడు. బంగారుపాళ్యంలో ఆపేసింది ఒక్క మాత్రను కాదు, కవర్ మొత్తాన్ని. ఇబ్బంది పడేది రోగి ఒళ్లు. ఎంత ఇబ్బంది ఎంత మేలుకు సరిపోతుందో తూచే హక్కు అతనికీ ఉంది. వివరాలు చేతికివ్వకుండా ఆ హక్కు ఎలా వాడుకుంటాడు?

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. తిరుపతిలో గుండె డాక్టరును రోగులు తరచూ అడిగేది ‘కొండెక్కొచ్చా సార్?’ అని. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. గుండెజబ్బు ఉన్నవాళ్లు నడకదారిలో రావద్దని టీటీడీ చెబుతూనే ఉంది. అయినా మొక్కు ఉందని, ఉపవాసంతో, ఎండలో, కొత్త మాత్ర మొదలుపెట్టిన వారంలోనే బయలుదేరేవాళ్లు ఉంటారు. ఒంట్లో నీరు తగ్గి, పైన నైట్రేట్ పడితే బీపీ ఏమవుతుందో వాళ్లకు తెలియదు. నడవకుండా బస్సులో వెళ్లినా క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి గడపాలి, మాత్రలేమో లాకర్లో పెట్టిన సంచిలో ఉంటాయి. ఆ ప్రశ్నకు ‘వద్దు’ అని ఒక్క మాట చెప్పి పంపితే సరిపోదు. ఏ మందు మొదలుపెట్టారు, ఎన్నాళ్లు ఆగాలి, మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలి అనేదీ చెప్పాలి.

మందుల షాపులకూ ఇందులో వాటా ఉంది. డాక్టరు చెప్పనిది ఫార్మసిస్టు చెప్పాలి. రోగికి మందు గురించి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. స్ట్రిప్‌లో అడిగినన్ని మాత్రలు కత్తెరతో కత్తిరిస్తారు, మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే మిగిలిపోతుంది. పెట్టెలో సమాచార కాగితం ఉంటే అది పెట్టెతో పాటే బయటికి పోతుంది. రోగి చేతికి వచ్చేది పెన్నుతో 1-0-1 అని గీసిన చిన్న కాగితం కవరు. కళ్లజోడు లేని ముసలావిడకు ఆ గీతలు కూడా కనపడవు. ఆమె కూడా రేపు ‘సరిగా వాడని’ రోగే.

మందు వల్ల ఇబ్బంది వస్తే నమోదు చేయడానికి 2010 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. 1800-180-3024 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉంది, రోగులు తామే నింపి పంపే ఫారం తెలుగులోనూ ఉంది. ఆ నంబరును ఎన్ని ఓపీల గోడల మీద అతికించారో ఆసుపత్రుల సూపరింటెండెంట్లు ఒకసారి నడిచి చూసుకోవాలి.

ఇది చదివి ఎవరూ మందు ఆపవద్దు. ఇబ్బందిగా ఉంటే రాసిన డాక్టరునే అడగండి, మొహమాటపడకుండా అడగండి. కానీ అడగడం నేర్చుకోవాల్సింది రోగే అని చెప్పి తప్పించుకోవడానికి ఆసుపత్రులను మేము వదలం. ప్రతి కొత్త యాంజైనా మందుకూ తెలుగులో ఒక్క పేజీ కావాలి. ఎందుకు ఇస్తున్నారు, మొదటి వారంలో ఏం అనిపిస్తుంది, దేనికి పరుగెత్తుకు రావాలి, దేనితో కలపకూడదు, దేన్ని సొంతంగా ఆపకూడదు, అంతే. ఏటా లక్షల క్యాలెండర్లు, డైరీలు వెలువడే ఊళ్లో ఒక్క పేజీ అచ్చుకు దారి లేదంటే ఎవరు నమ్ముతారు? చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్యాధికారులు ప్రైవేటు ఆసుపత్రులకూ దీన్ని తప్పనిసరి చేయాలి. ఔషధ తనిఖీ అధికారులు షాపులకు వెళ్లినప్పుడు బిల్లు పుస్తకంతో పాటు ఫార్మసిస్టు నిజంగా కౌంటర్లో ఉన్నాడా లేదా చూడాలి.

ఇంకొక్కటి. చాలా చీటీల మీద ఆసుపత్రి పేరు రంగుల్లో ఉంటుంది, డాక్టరు డిగ్రీలు రెండు వరుసలు ఉంటాయి, అపాయింట్‌మెంట్ నంబరు, వెబ్‌సైట్ ఉంటాయి. కొత్త మాత్ర వేసుకున్న మనిషికి రాత్రి పదింటికి కళ్లు తిరిగితే, అది మామూలేనా, ప్రమాదమా అని ఫోనులో చెప్పే నర్సు నంబరు మాత్రం ఉండదు. వచ్చే సోమవారం ఓపీ తలుపులు తెరిచేలోపు ఆ నంబరు అచ్చు వేయించండి. అచ్చు వేయించి, రాత్రి పూట ఫోను ఎత్తండి.