నిరుపహతి స్థలం బానే ఉందండి, మరి వంటెవరు చేశారు?

మాఘమాసంలో కోనసీమ వెళ్ళి ఐదు రోజులు రాసుకుని వచ్చానని నాలుగు ఫోటోలు పెట్టాను కదా, అప్పట్నుంచి ఇన్‌బాక్సు ఆగట్లేదు. ఎక్కడక్కా, కాంటాక్ట్ పెట్టండి మేడం, రోజుకి ఎంత, వైఫై ఉందా. ఒకాయనైతే "మీకేంటండీ, ఆ ప్రశాంతతకి కథ దానంతటదే వచ్చేస్తుంది" అన్నాడు. వచ్చేస్తుంది నాయనా, కోడి గుడ్డు పెట్టినట్టు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, ఇక్కడే రాసేస్తున్నా. పెద్దదవుతుంది, తీరికుంటేనే చదవండి. ఆ చోటు పేరు మాత్రం చెప్పను, అడగొద్దు.

నేను తణుకులో బ్యాంకు కౌంటర్లో కూర్చునే మనిషిని. పదహారేళ్ళుగా కథలు రాస్తున్నా, అచ్చయినవి పదకొండు, అంటే ఏడాదికి ఒకటి కూడా పడలేదు. రాసేది రాత్రి పదకొండు దాటాక డైనింగ్ టేబుల్ మీద, పక్కన మర్నాటి ఇడ్లీ పిండి గిన్నె పొంగుతూ ఉంటుంది, ఒక కన్ను కాగితం మీద ఒక కన్ను దాని మీద. ఈసారి అరియర్స్ డబ్బులొచ్చాయి, గాజులు చేయించుకోమని అమ్మ పోరుతుంటే వినకుండా రోజుకి 4,500 చొప్పున ఐదు రోజులకి కట్టేశాను. నరసాపురం రేవులో పంటు ఎక్కి, ఒక పక్క గడ్డి మోపు బండి ఇంకో పక్క పెళ్ళి వాళ్ళ కారు మధ్యలో నా సూటుకేసు పట్టుకుని నిలబడి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగేసరికే సగం కథ రాసేసినంత సంబరం.

ఇల్లు బావుంది, అబద్ధం చెప్పను. పాత మండువా లోగిలి, ఇంటివాళ్ళంతా హైదరాబాదు అమెరికా వెళ్ళిపోతే ఎవరో తీసుకుని గదికో ఏసీ బిగించి రైటర్స్ రిట్రీట్ అని బోర్డు పెట్టారు. వాళ్ళ కాగితం మీద ఏముందంటే, మనుషుల అలికిడికి దూరంగా, ప్రకృతి ఒడిలో, ఏకాంతం. ఇది చదివి గోదావరి జిల్లా వాళ్ళెవరైనా నవ్వకుండా ఉంటారా? డెల్టాలో మనుషుల అలికిడికి దూరంగా అనే చోటెక్కడుందండీ! ఒక ఊరి ఆఖరి పెరడే పక్కూరి మొదటి పెరడు. తెల్లారుజామున గుడి మైకు, ఆరింటికి పాల బండి హారన్, తొమ్మిదింటికి పక్క తోటలో కొబ్బరి దింపు, కాయలు పడుతుంటే దబ్బు దబ్బుమని గుండె మీద పడ్డట్టే. ఇక రాత్రయితే రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, తెల్లవార్లూ ఒకటే రొద. బెంగుళూరు నించొచ్చిన ఒక కవిగారు రెండో రోజే వాచ్‌మన్ని పట్టుకుని అవి కాసేపు ఆపించలేరా అని అడిగాడు. వాచ్‌మన్ చాలా మర్యాదగా, "గాలాడకపోతే రొయ్య చచ్చిపోద్దండి, కట్టేత్తే ఎలాగండి" అన్నాడు. కవిగారు చెవుల్లో దూది పెట్టుకున్నారు.

పోనీ ప్రకృతి ఒడి అనుకుందామా అంటే, ఎదురుగా ఉన్న ఆ కాలవ ఎక్కణ్ణించి వచ్చింది? 1847 లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు కాటన్ దొర, అక్కణ్ణించి కాలవలు తవ్వారు, గట్లు పోశారు, తూములు పెట్టారు, పారలు పట్టిన వాళ్ళెన్ని వేల మందో. మనం ఫోటోలు తీసుకుంటున్న పచ్చదనం అంతా ఎవరో ఒకరు ఒంగి చేసిన పనే. మేమున్న ఆ ఐదు రోజులూ దాళ్వా చేలల్లో, అదే రెండో పంట వరి చేలల్లో, ఆడవాళ్ళు మోకాటి లోతు బురదలో ఉన్నారు, మేమేమో వరండాలో కూర్చుని ఆహా నిశ్శబ్దం అనుకుంటున్నాం.

ఇంత గోలలోనూ నేను రాశాను, అదీ అసలు సంగతి. మూడు రోజుల్లో ముప్పై ఒక్క పేజీలు. నా జన్మలో అంత వేగం లేదు. కాలవ మహిమా, కొబ్బరి గాలి మహిమా అని నేనూ అనుకున్నాను మొదట. మూడో రోజు పొద్దున్న పదకొండున్నరకి రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి గాభరా పుట్టింది, ఏదో మర్చిపోయాను, ఏదో మాడిపోతోంది అని లేచి నిలబడిపోయాను కూడా. ఏమీ లేదు. సెలవు రోజుల్లో నేను బియ్యం కడిగే వేళ అది. ఒళ్ళు లేచింది, బుర్ర లేవలేదు. మళ్ళీ కూర్చున్నాను, ఒంటిగంటకి గుమ్మం దగ్గర స్టీలు క్యారేజీ పెట్టి, తలుపు కొట్టకుండా, గిన్నెలు చప్పుడవకుండా ఒకావిడ వెళ్ళిపోయింది. మూత తీస్తే పనసపొట్టు కూర, ఆవ పెట్టి, పైన జీడిపప్పు ఎర్రగా వేగి. ఇవాళ ఏం కూర అనే ప్రశ్న నా బుర్రలోకి మూడు రోజులుగా రాలేదని అప్పుడు వెలిగింది. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి. నేను డబ్బు కట్టింది దీనికన్నమాట, ఆ కాలవకి కాదు.

అల్లసాని పెద్దన గారిదని చెప్పుకునే చాటువు మీకందరికీ తెలుసు. కవిత్వం రాయమంటే ఊరికే వస్తుందా, ముందు నిరుపహతి స్థలం, అంటే ఏ ఆటంకమూ లేని చోటు, కావాలి అని మొదలవుతుంది. రిట్రీట్ వాళ్ళందరూ ఆ మొదటి మాట పట్టుకుని గోడల మీద రాయించేస్తారు, మేం వెళ్ళిన చోటా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. తర్వాత ఉన్న జాబితా చూడండి. ప్రియురాలి దూతిక తెచ్చిచ్చే కప్పురవిడెం (కర్పూర తాంబూలం), మనసుకి ఇంపైన భోజనం, ఊయల మంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, ఊహ అందుకోగల రాతగాళ్ళు, చదివేవాళ్ళు. స్థలం ఒక్కటి తీసేస్తే మిగతాదంతా మనుషుల చేతి పని కాదా? విడెం తెచ్చే మనిషికి కనీసం దూతిక అనే మాటైనా దక్కింది, భోజనం మాత్రం దానంతటదే వచ్చి విస్తట్లో పడింది, వండినావిడ ఊసే లేదు. పెద్దన గారిని అనట్లేదు, చాటువు చాటువే, నాకూ ఇష్టమే. కానీ అయిదొందల ఏళ్ళయింది, బ్రోషర్లలో ఇంకా కాలవ ఫోటో కొబ్బరి చెట్టు ఫోటో తప్ప వంటింటి ఫోటో ఒక్కటి లేదు.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో 1907 నించీ ఉన్న మక్‌డవెల్ అనే చోట మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి రాసుకునే వాళ్ళ గుమ్మం ముందు వదిలి వెళ్ళిపోతారు. అక్కడే వాషింగ్టన్ రాష్ట్రం విడ్బీ దీవిలో హెడ్జ్‌బ్రూక్ అని 1988 నించీ ఉంది, అది ఆడవాళ్ళకే, ఆరు చిన్న చిన్న ఇళ్ళు, మీకు మేం వండి పెడతాం మీరు రాసుకోండి అనేదే వాళ్ళ గొప్ప. రెండు చోట్లా రాసుకోవడానికి ఎంపికైన వాళ్ళ దగ్గర ఉన్నందుకు డబ్బు పుచ్చుకోరు. ఆడదానికి ఏకాంతం అంటే పొయ్యికి దూరం అని వాళ్ళకి తెలిసింది, మన వాళ్ళింకా ఊరికి దూరం దగ్గరే ఆగిపోయారు.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళాను, క్యారేజీ నేనే ఇద్దామని. పెద్దావిడ, అరవై ఉంటాయేమో, అరిచేతులకి కొబ్బరి నూనె రాసుకుని మర్నాటికి పనసకాయ కొడుతోంది. ముళ్ళ చెక్కు తీసేసిన కాయని ఎడం చేత్తో తిప్పుతూ కుడి చేత్తో కత్తితో టక టక టక, పొట్టు జల్లుగా పళ్ళెంలో పడుతోంది, కత్తి వైపు చూడట్లేదు కూడా. "ఏంటండి, ఏవైనా కావాలాండి" అని లేవబోయింది. కూర్చో పిన్నీ అని పక్కనే పీట వేసుకున్నాను. మాటల్లో అంతర్వేది తీర్థం వచ్చింది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కళ్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. రేపే దశమి.

"ఎల్తున్నావా పిన్నీ?"

"యేటా ఎల్తానండి. ఈయేడు మీరున్నారు గదండి."

అన్నది మామూలుగానే, నిష్ఠూరం ఏం లేదు. నాకు మాత్రం ఆ రాత్రి పేజీ కదల్లేదు.

లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి గురించి మన వైపు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. వచ్చిన వాళ్ళందరికీ వండి పెట్టిన తల్లి, 1909 లో పోయారు. అక్కడ వైనతేయ గోదావరి మీద కాలవని దాటించే అక్విడెక్టుకి ఆవిడ పేరే, బళ్ళలో మధ్యాహ్న భోజనానికి 2024 లో పెట్టిందీ ఆవిడ పేరే. ఆవిడ ఒకసారి ఇదే అంతర్వేది స్వామిని చూద్దామని బయల్దేరి, దారిలో ఆగిన చోట ఒక పెళ్ళి బృందం వాళ్ళు ఆకలేసి ఏడుస్తున్న పిల్లల్ని, ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి పోదాం అన్నం పెడతారు అని ఊరుకోబెడుతుంటే విని, స్వామి దగ్గరికి వెళ్ళకుండా వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించారట. మా అమ్మమ్మ చెప్తే ఎంత గొప్ప తల్లో అని కళ్ళు తుడుచుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం నాకు ఒకటే అనిపిస్తోంది, అయ్యో, ఆ ఒక్క రోజైనా వెళ్ళనివ్వాల్సింది కదా అని.

మేనేజరుని అడిగితే కుదరదండి, గెస్టులకి ఇబ్బంది, రివ్యూ పాడవుతుంది అన్నాడు. పిన్నికి రోజు కూలి 400, మానేస్తే అది కట్. నేనూ, సీరియల్ డైలాగులు రాసే ఒక పిల్లా కలిసి, వంట మాదీ, ఆవిడ కూలి కొయ్యకూడదు అని వాట్సాప్‌లో రాసిచ్చాం. దశమి మధ్యాహ్నం పిన్ని వెళ్ళింది. మా గుంపులో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, ఏకాదశి కదమ్మా, నాకు పలహారం చాలు అన్నారు. ఉపవాసం అంటే ఇంకో రకం వంట, అంతే. ఆయనకి ఉప్మా, మిగతా వాళ్ళకి అన్నం. పనసకాయ మేం కొడితే పొట్టు రాలేదు, చెక్కలొచ్చాయి, పాలు వేళ్ళకి అంటుకుని ఎంత తోమినా వదల్లేదు, ఆవ దించి చల్లారాక కలపాలన్నది మర్చిపోయి పొయ్యి మీదే వేస్తే చేదెక్కింది. దూది కవిగారు తిని, బావుందండీ, ఉప్పు కొంచెం తగ్గింది అని కంచం అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళారు. పల్లె జీవితం మీద దీర్ఘ కవిత నడుస్తోందట.

ఇన్‌బాక్సు వాళ్ళకి జవాబు. ఆ ఐదు రోజులూ మా ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టుకుని కూరలు కర్రీ పాయింటు నించి తెచ్చుకున్నారు. 1,500 దాటలేదు, ఎవరూ చావలేదు. నేను కట్టింది 22,500. ఇల్లు కదలకుండా ఐదు రోజులు సెలవు పెట్టి, వంటింటి వైపు చూడను అని చెప్పగలిగితే తణుకే మీకు కోనసీమ, ఏరేటర్లు కూడా ఉండవు. చెప్పలేకపోతున్నారు కాబట్టే పంటు ఎక్కాల్సి వస్తోంది. నేనూ చెప్పలేకే ఎక్కాను.

ఏకాదశి రాత్రి తొమ్మిదింటికి పిన్ని వచ్చేసింది. తలలో బంతిపూలు, చీర కుచ్చిళ్ళ నిండా ఇసక. తీర్థంలో కొన్న జీళ్ళ పొట్లం నా టేబుల్ మీద పెట్టి, నేను ఒకటి నోట్లో వేసుకునేదాకా నిలబడింది. టేబుల్ మీద కాగితాల కేసి చూసి, "నిన్నా ఇయ్యాలా ఎన్ని పేజీలైనాయండి" అని అడిగింది. జీడి పళ్ళకి అతుక్కుపోయి నోరు పెగల్లేదు.