కుక్క కన్నా ముందు బోర్డు

గేటు మీద 'కుక్కలున్నవి జాగ్రత్త' అని ఉంటే చాలు, మనం రెండడుగులు వెనక్కి వేస్తాం. లోపల కుక్క ఉందో లేదో ఎవరూ చూడరు. ఆ బోర్డు తగిలించిన ఇళ్లలో కుక్కే లేనివి నాకు తెలిసి రెండున్నాయి.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇలాంటి బోర్డునే దేశమంతటికీ తగిలించబోయింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో వగైరా 23 రకాలు ప్రమాదకరమైనవని, లైసెన్సులు ఇవ్వొద్దని, అమ్మనివ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. జాబితాలో 'టెరియర్లు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మూడు కిలోలు తూగే యార్క్‌షైర్ టెరియర్ కూడా అందులో పడుతుంది మరి! సంబంధించిన వాళ్లెవరినీ సంప్రదించలేదంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది.

సింహాసనమెక్కించినా శునకానికి వెనకటి గుణం పోదని బడిలో పద్యం బట్టీపట్టిన వాళ్లం కదా, జాతిని బట్టే బుద్ధి అంటే ఇట్టే నమ్మేస్తాం. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం మరోలా చెప్పింది. 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులు ఇచ్చిన సమాధానాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలిస్తే, కుక్కకీ కుక్కకీ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వాటా సుమారు 9 శాతమే. చెవులు, బొచ్చు, ఎత్తు జాతిని బట్టి వస్తాయి. కోపం అంత తేలిగ్గా రాదు.

అలాగని రాట్‌వైలర్‌నీ పమేరియన్‌నీ ఒకే గాటన కట్టను. యాభై కిలోల కుక్క కరిస్తే గాయం వేరు. పగలంతా గొలుసుతో కట్టేసి, మనుషుల అలికిడి లేకుండా పెంచితే దాని పర్యవసానం ఎదుటివాడు అనుభవించాలి. జవాబుదారీ కావలసింది యజమాని. జాబితాలో ఆయన లేడు.

బొమ్మల దగ్గరా ఇదే తంతు. ప్రదర్శనకు వెళ్లి పక్కనున్న చీటీ చదువుతాం, 'మోడర్న్ ఆర్టు, మనకెక్కదు' అని ముందుకు కదులుతాం. కవి శ్రీరంగం నారాయణబాబు కవిత్వంలో ఏనాడో ఒప్పుకున్న అధివాస్తవికత (సర్రియలిజం, కలలోలా వాస్తవాన్ని తారుమారు చేసి చూపే ధోరణి), గోడ మీద బొమ్మగా కనిపిస్తే మాత్రం బెదురు. 1929లో ఆ ధోరణి చిత్రకారుడు రెనె మాగ్రిత్ పొగాకు పైపును అచ్చం పైపులాగే గీసి, కింద 'ఇది పైపు కాదు' అని రాశాడు. చూసేవాడు రాతను నమ్మాలా, కంటినా? ఆ ఇరకాటంలో పెట్టడమే ఆయన సరదా.

నాకు మరీ ఇష్టమైనది అదే ధోరణికి చెందిన చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1938లో వేసిన బొమ్మ. సముద్రపు ఒడ్డున పళ్ల గిన్నె. చూస్తూ ఉంటే అది ముఖమవుతుంది. ఇంకాసేపు ఉంటే కాన్వాసు అడ్డంగా పెద్ద కుక్క. పళ్ల గిన్నే దాని నడుము, కొండ దాని తల, కొండలోని సొరంగం కన్ను, రైలు వంతెన మెడపట్టీ. చీటీ చదివి కదిలిపోయినవాడికి పళ్లే దక్కుతాయి.