స్విచ్‌ను వెడల్పు చేస్తే చాలదు

చిప్‌లో అనలాగ్ స్విచ్ (సిగ్నల్ వోల్టేజీని కెపాసిటర్‌కు చేరవేసి, ఆగినప్పుడు అక్కడే నిలిపే ట్రాన్సిస్టర్) గురించి మాట వస్తే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది: ఆన్ నిరోధం, అంటే స్విచ్ ఆన్‌లో ఉన్నప్పటి నిరోధం, తగ్గాలి, కాబట్టి ట్రాన్సిస్టర్ వెడల్పు పెంచు. ఈ సలహా సగమే నిజం.

నిరోధం ఉన్నంతమాత్రాన కొంప మునగదు. 100 ఓమ్‌ల స్విచ్, 1 పికోఫారడ్ కెపాసిటర్ అనుకుందాం. రెండింటి లబ్ధమే కాలస్థిరాంకం, అంటే కెపాసిటర్ ఎంత త్వరగా నిండుతుందో చెప్పే కొలత: 100 పికోసెకన్లు. 10 బిట్ల ఖచ్చితత్వానికి దానికి ఎనిమిది రెట్ల సమయం ఇస్తే సరిపోతుంది. సిగ్నల్ ఎంతున్నా ఆ 100 మారకపోతే కాస్త క్షీణత, కాస్త ఆలస్యం, అంతే. అసలు చిక్కు అది సిగ్నల్‌తో పాటు ఊగడంలో ఉంది. ఎన్‌మాస్ అనే రకం ట్రాన్సిస్టర్‌లో గేట్‌ను (ఆన్, ఆఫ్ చేసే కొనను) సరఫరాకు కట్టేస్తే, ఇన్‌పుట్ పెరిగేకొద్దీ గేట్‌కు, సిగ్నల్ ఉన్న సోర్స్ కొనకు మధ్య వోల్టేజీ తరిగి నిరోధం ఎగబాకుతుంది. సోర్స్ వోల్టేజీతో పాటు థ్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి కావలసిన కనీస గేట్-సోర్స్ వోల్టేజీ) కూడా పెరిగే బాడీ ఎఫెక్ట్ దానికి తోడు. ఇన్‌పుట్‌లో లేని హార్మోనిక్‌లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల వద్ద వచ్చే వక్రీకరణలు) పుట్టేది ఇక్కడే. సిగ్నల్‌ను రెండు తీగల మధ్య తేడాగా మోసే డిఫరెన్షియల్ సర్క్యూట్ సరి హార్మోనిక్‌లను కొట్టేస్తుంది కానీ, మూడోది నిక్షేపంగా మిగులుతుంది.

ఇక వెడల్పు సంగతి. స్విచ్ ఆగే క్షణంలో ఛానెల్‌లోని (గేట్ కింద కరెంటు పారే దారిలోని) ఛార్జ్ ఎటో పోవాలి కదా! సుమారు సగం కెపాసిటర్ మీద పడుతుంది. వెడల్పు రెట్టింపు చేస్తే నిరోధం సగమవుతుంది, ఈ ఛార్జ్ రెట్టింపవుతుంది. రెండింటినీ గుణించి చూడండి. వెడల్పు ఎగిరిపోతుంది, ఆక్సైడ్ కెపాసిటెన్స్ ఎగిరిపోతుంది, గేట్ వోల్టేజీ కూడా ఎగిరిపోతుంది. మిగిలేది ఛానెల్ పొడవు వర్గం, దాని కింద మొబిలిటీ (ఛార్జ్ కణాలు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే కొలత). కెపాసిటర్ పెంచినా ఇదే తంతు: దోషం ఎంత తగ్గితే సమయం అంత పెరుగుతుంది. అంటే వెడల్పుతో మనం వేగాన్నిచ్చి ఖచ్చితత్వాన్ని, ఖచ్చితత్వాన్నిచ్చి వేగాన్ని మార్చుకుంటున్నామే తప్ప సంపాదించేదేమీ లేదు.

సంపాదన వేరేచోట ఉంది. బూట్‌స్ట్రాప్ స్విచ్‌లో ముందే ఛార్జ్ చేసిన కెపాసిటర్ గేట్‌ను ఇన్‌పుట్‌తో పాటే పైకి మోస్తుంది. నిరోధం దాదాపు స్థిరం, వదిలే ఛార్జ్ కూడా దాదాపు స్థిరం. దానికి తోడు శాంపిల్ కెపాసిటర్ అవతలి కొనను స్థిర వోల్టేజీకి కట్టిన చిన్న స్విచ్‌ను ముందుగా ఆపి, ఆ తర్వాతే ఇన్‌పుట్ స్విచ్‌ను ఆపితే, మిగిలే దోషం సిగ్నల్‌తో మారని ఆఫ్‌సెట్ అవుతుంది. దీనికి కావలసిందల్లా ఒక క్లాక్ అంచును కాస్త ముందుకు జరపడం!

బూట్‌స్ట్రాప్‌కు చోటు కావాలి, గేట్ మీద ఒత్తిడి, ఎన్‌మాస్‌ను, దానికి ఎదురు రకమైన పీమాస్‌ను పక్కపక్కన కట్టిన ట్రాన్స్‌మిషన్ గేట్ చాలదా అంటారు. 5 వోల్టుల సరఫరాకు చక్కగా చాలుతుంది. సరఫరా రెండు థ్రెషోల్డ్‌ల మొత్తానికి దిగివస్తే మాత్రం మధ్య వోల్టేజీల్లో ఎన్‌మాస్, పీమాస్ రెండూ చేతులెత్తేస్తాయి. ఇక ఒత్తిడి అంటారా, సరిగా కడితే గేట్-సోర్స్ తేడా సరఫరాను దాటదు.

సరఫరా పడిపోయినంతగా థ్రెషోల్డ్ ఎందుకు తగ్గలేదు? తగ్గిస్తే కోట్లాది డిజిటల్ గేట్లు ఆఫ్‌లోనూ కరెంటు కారుస్తాయి కాబట్టి. చిప్ తయారీ ప్రాసెస్ తీర్మానాలన్నీ డిజిటల్ వాళ్లవి. అనలాగ్ డిజైనర్ దక్కినదాంతో సర్దుకోవాలి. పాఠ్యపుస్తకమేమో స్విచ్‌ను తెరుచుకుని మూసుకునే ఒక గీతగా గీసి ఊరుకుంటుంది. డేటాషీట్ మొదటి పేజీలో 25 డిగ్రీల దగ్గరి ఆన్ నిరోధాన్ని పెద్ద అక్షరాల్లో చాటుతుంది. అది సిగ్నల్‌తో ఎలా ఊగుతుందో చూపే గ్రాఫ్ ఎక్కడో లోపలి పేజీల్లో ఉంటుంది. డిజైన్ రివ్యూలో ముందు తెరవాల్సింది ఆ పేజీనే.